కిత్తూరు చెన్నమ్మ పాఠం

సుగటూరు,
ఏప్రిల్

ప్రియమైన నేత్రా,

నీకు ఉత్తరం రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ఎన్నిసార్లు చేసినా నువ్వు ఫోను ఎత్తలేదు. వాట్సాప్ కూడా తీసేశావట. ఇప్పుడు నా దగ్గరా ఫోను లేదు. కేశవన్న హోసూరులో పనికి చేరుతూ నాది పట్టుకుపోయాడు.

ఇద్దరమూ హిస్టరీలోనే పోయాం. అవ్వ తుంటి విరిగి మంచం పట్టాక నేను ఇక్కడికొచ్చి పట్టుపురుగులకు ఆకు వేయడమే సరిపోయింది, పుస్తకం ముట్టలేదు. నువ్వేమో అన్నీ తెలిసి తెల్ల కాగితం ఇచ్చి వచ్చావు. మీ అమ్మ చనిపోయిన నెలలోనే పరీక్ష అంటే ఎవరైనా అంతే.

మళ్ళీ పరీక్ష జూన్‌లో. నువ్వు రాయకపోతే నీ ఇష్టం. నాకు మాత్రం పాస్ కావాలి. లేకపోతే అవ్వ, "సదివింది సాల్లేమ్మే, ఇంగ పురుగులు సూసుకో" అంటుంది. మునిశామప్ప సార్ పీయూసీ హిస్టరీ అంతా వీడియోల్లో పెట్టారు కదా, అవి చూసి నాకు రాసి పంపు. ఆయన కన్నడలో చెప్పేది నువ్వు తెలుగులో రాయి. మీ అమ్మ, హనుమక్కత్త, మనిద్దరికీ పలక మీద దిద్దించిన అక్షరాలు నేనింకా మరిచిపోలేదు.

నీ మాట కోసం చూస్తూ,
ప్రేమ

*

కోరమండల్

ప్రియమైన ప్రేమకు,

ఉత్తరం అందింది. గంగరాజుల పాఠం రాసి దీనితో పెట్టాను. వాళ్ళ మొదటి రాజధాని మన కోలారే. రెండు మార్కులకు రావచ్చు.

ఇక్కడ కొత్త సంగతులేమీ లేవు. అప్ప పొద్దున రైలుకు బెంగళూరు పోతాడు, అదే వాచ్‌మన్ పని. సాయంత్రం వచ్చి "తింటివా?" అంటాడు. "తింటినప్పా" అంటాను. తర్వాత ఆయన ఒక గోడ చూస్తాడు, నేను ఇంకో గోడ చూస్తాను.

మా గని క్వార్టర్స్‌లో పక్క లైనులో ఉండే చిన్నవెంకటమ్మ కొళాయి దగ్గర అంటూంటే విన్నాను. "తల్లి సచ్చిపోతే ఆ పిల్ల కంట్లో సుక్క నీళ్ళు ల్యాకపాయ సూడు. అదేం గుండెనో!" నాకు కోపం రాలేదు. నిజమే కదా. అమ్మను బయటికి తీసుకుపోతుంటే నేను గుమ్మం పక్కన వచ్చినవాళ్ళ చెప్పులు జతలు జతలుగా సర్దుతూ ఉన్నాను.

వీడియోల్లో సార్ గొంతు కొంచెం కీచు. పట్టాభిషేకమైనా, యుద్ధమైనా, చావైనా ఒకేలా చెబుతారు. వినడానికి సులువుగా ఉంది.

నేత్ర

*

సుగటూరు,
మే

నేత్రమ్మా,

పాఠం పంపమంటే పాయింట్లు పంపావు. అయినా అవ్వకు చదివి వినిపించాను. మంచంలోంచే ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఆ రాజులు కోలారు ఇడిసిపెట్టి యాడికి పోయినారు?" అంది. తలకాడుకు అన్నాను. "పోయినోళ్ళు మళ్ళా మన దిక్కు సూసినారా, ల్యాదా?" నేనేం చెప్పను? నువ్వే చెప్పాలి. అవ్వ రోజూ అడుగుతోంది.

పురుగులు నాలుగోసారి కుబుసం విడిచి నిద్ర లేచాయి. ఎంత ఆకు వేసినా చాలడం లేదు. తర్వాతి పాఠం కాస్త కథలా రాయి. పురుగుల మధ్య కూర్చుని చదవాలి నేను.

నీ
ప్రేమ

*

కోరమండల్

ప్రియమైన ప్రేమకు,

తలకాడుకు పోయాక కూడా కోలారు వాళ్ళ కిందే ఉండేదని అవ్వతో చెప్పు. దాని కోసం వేరే వీడియో చూడాల్సి వచ్చింది.

ఈసారి కిత్తూరు చెన్నమ్మ. మొగుడు పోయాడు. వారసుడు లేకపోతే పిల్లవాణ్ణి దత్తత తీసుకున్నారు, కంపెనీ వాళ్ళు ఒప్పుకోలేదు. యుద్ధానికొచ్చిన కలెక్టరు థాకరే చచ్చిపోయాడు. ఆమె గెలిచింది. వాళ్ళు ఇంకా పెద్ద సైన్యంతో మళ్ళీ వచ్చారు. కోట పోయింది. ఆమెను బైలహొంగలలో ఖైదు చేశారు. అక్కడే చనిపోయింది.

సార్ "ఇది ఐదు మార్కులు" అని తర్వాతి పేజీకి పోయారు. నేను వీడియో ఆపేశాను. ఆ ఖైదులో ఏళ్ళ తరబడి ఆమె ఏం చేసేది ప్రేమా? అన్నీ పోయాక, పొద్దున లేచి ఏం చేసేది? అన్నం తినేదా? ఎవరితోనైనా మాట్లాడేదా? పుస్తకంలో వెతికాను, లేదు. పరీక్షకు అక్కర్లేదనుకో. ఊరికే తెలుసుకోవాలనిపించింది.

నేత్ర

*

సుగటూరు

నేత్రా,

పురుగులు గూళ్ళు కడుతున్నాయి, తీరిక లేదు. నువ్వడిగింది నాకెలా తెలుస్తుంది? ఆ పాఠం మళ్ళీ పెట్టి చూడు. సార్ ఎక్కడో చెప్పే ఉంటారు. చూడకుండా మాత్రం ఊరుకోకు. ఆ తర్వాత పద్దెనిమిది వందల యాభై ఏడు రాసి పంపు.

ప్రేమ

*

కోరమండల్,
ఆదివారం

ప్రేమా,

ప్రియమైన అని రాయడం లేదు.

చెన్నమ్మ పాఠం మళ్ళీ పెట్టాను. సార్ ఏమీ చెప్పలేదు. ఎవరైనా అడిగారేమోనని కింద కామెంట్లు చూశాను. పట్టుగూళ్ళ తట్ట ఫోటో, పక్కన నీ పేరు. "సార్, ఖైదులో చెన్నమ్మ దినామూ ఏం చేస్తా ఉండె? నా ఫ్రెండు అడిగినాది. వాళ్ళమ్మ పోయినాంక ఆ పిల్ల నోరు తెరిచి అడిగిన మొదటి మాట సార్ ఇది. జవాబియ్యండి సార్."

దాని కింద సార్ రాశారు: "పూజలతో, చదువుతో గడిపిందంటారమ్మా. అంతకు మించి నాకూ తెలియదు. నీ స్నేహితురాలిని పరీక్ష రాయమను."

గంగరాజుల పాఠం తెరిచాను. అక్కడా నువ్వే. "అర్థమైంది సార్, థాంక్స్" అని. తేదీ చూస్తే అది నువ్వు నాకు మొదటి ఉత్తరం రాయకముందుదే! నీ ఫోను ఎవరూ పట్టుకుపోలేదు. పాఠాలన్నీ నువ్వు ముందే చూసేశావు. అయినా నా చేత చేయి నొప్పి పుట్టేదాకా రాయించావు.

ఎంత కోపం వచ్చిందో! "రాక్షసీ" అని అరిచాను. ఆ గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. తర్వాత ఇంకేదో అనబోతే ఏడుపు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు.

అప్ప పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏమాయమ్మా? ఎవురన్నా ఏమన్నా అన్రా?"

"అమ్మ లేదప్పా" అన్నాను.

ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఆ మాట ఎవరమూ అనలేదు. అప్ప నా పక్కన నేల మీద కూలబడ్డాడు. "లేదు తల్లీ. మీయమ్మ ఇంగ లేదు" అని నా తల పట్టుకుని ఏడ్చాడు. పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా వాసన. ఇద్దరమూ లేవలేదు.

ఇప్పుడు కళ్ళు మండుతున్నాయి. తల పగిలిపోతోంది. ఆకలి కూడా వేస్తోంది. అప్ప బన్నులు తేవడానికి పోయాడు.

పరీక్ష రాస్తాను. పద్దెనిమిది వందల యాభై ఏడు మాత్రం రాసి పంపను, నువ్వే చూసుకో. పరీక్ష రోజు కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉంటాను. నిన్ను కొట్టాలో, వాటేసుకోవాలో తెలియడం లేదు.

ముందైతే కొడతాను.

నీ
నేత్ర