ఏడు దినాల మందు

తిరుపతి,
28-9-1982

ప్రియమైన భాయ్‌జాన్‌కు సల్మా సలాం.

ఇక్కడ నేను క్షేమం అని రాయబోయి ఆగాను. జ్వరం లేదు, దగ్గు లేదు, అన్నం సహిస్తోంది. అయినా క్షేమం కాదు. మొహం నిండా మొటిమలు.

నవ్వకు. బుగ్గల మీద, నుదుటి మీద, గడ్డం కింద. హాస్టల్ మెస్సులో అందరూ తిని వెళ్లాక వెళ్తున్నాను. క్లాసులో కిటికీ పక్కన కూర్చునేదాన్ని, ఇప్పుడు గోడ పక్కకు మారాను. మా గదిలో ఉండే పంకజాక్షి మంచిదే గానీ నోరు ఊరుకోదు. "ఏం మే సల్మా, మొహంలో కందులు ఇత్తినారా ఏంది?" అంటుంది. మళ్లీ తనే టూత్‌పేస్టు పూయమంది. పూశాను. మొటిమలు పోలేదు గానీ రోజంతా మొహం పిప్పరమెంటు వాసన వేసింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, డిసెంబరు 18న మా కాలేజీ హాల్లో జిల్లా కాలేజీల ఉపన్యాస పోటీ ఉంది. అంశం 'గ్రంథాలయాల ఆవశ్యకత'. తెలుగు మేడం చంద్రకాంతమ్మ గారు మా కాలేజీ తరఫున నా పేరు ఇచ్చారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకు తెలుగు పోటీ ఏమిటని ఎవరో అంటే, "ఆ పిల్లకు మాటలంటే ఆకలి" అన్నారట. ఆ వాక్యం నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. కానీ అంతమంది ముందు ఈ మొహంతో ఎలా నిలబడను?

బొల్లి మచ్చల మొహంతోనే రోజంతా మందుల అంగడి కౌంటరు దగ్గర నిలబడి, నవ్వుతూ అమ్మే నీకు ఇది రాయడం సిగ్గుగానే ఉంది. నీకున్న ధైర్యం నాకు రాలేదు భాయ్. డాక్టరు చీటీ అక్కర్లేని మలాం ఏదైనా ఉంటే పంపు. 'లేపనం' అని రాసి కొట్టేశాను, చూశావుగా. లేపనం అంటే గంధం వాసన వస్తుంది, మలాం అంటే గంధకం వాసన. నాకిప్పుడు గంధకమే కావాలి.

అమ్మీకి చెప్పకు. వేపాకు మూటతో బస్సెక్కుతుంది.

నీ చెల్లెలు,
ఉమ్మే సల్మా

చిత్తూరు,
4-10-1982

సల్మా బేటీకి భాయ్ దువాలు.

నీ ఉత్తరం అందింది. అమ్మీకి చెప్పలేదు. దీంతోపాటు చిన్న పార్సిల్ పంపుతున్నాను. అందులో ఉన్న ట్యూబే మా అంగట్లో అన్నిటికంటే ఎక్కువ పోతుంది. మొటిమలని ఎవరొచ్చినా యజమాని బాలసుబ్రమణ్యం గారు, "ఏడు దినాలు పూయమ్మా, మొహం అద్దం మాదిరి అయిపోతాది. కాకుంటే నన్నొచ్చి అడుగు" అని ఇదే ఇస్తారు. అడగడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. నువ్వూ పొద్దున, సాయంత్రం పూసుకో.

కౌంటరు కబుర్లు లేకుండా ఉత్తరం ముగిస్తే నువ్వు ఊరుకోవుగా. నిన్న ఒక పెద్దాయన వచ్చి, "అబ్బా, మొన్న నువ్విచ్చిన బామ్ పూస్తే నా నడుం నొప్పి తగ్గలా. పక్కన పడుకున్న నా పెండ్లానికి మాత్రం జలుబు వదిలింది. దానికే ఇంకో సీసా ఇయ్యి" అన్నాడు. అంగడంతా ఒకటే నవ్వు.

నువ్వు ఉపన్యాసం చూసుకో. మొహం సంగతి మందు చూసుకుంటుంది.

నీ భాయ్,
నూర్ అహ్మద్

తిరుపతి,
16-10-1982

ప్రియమైన భాయ్‌జాన్,

నీ చేతికి వెయ్యి సలాములు! ఐదో రోజుకే ఎరుపు అణిగింది. ఏడో రోజుకు చర్మం నున్నగా, తెల్లగా అయింది. పంకజాక్షి నన్ను వెలుతురులోకి లాక్కెళ్లి చూసి, "యాడిది మే ఈ మందు? నాక్కూడా చెప్పు" అంది. మళ్లీ కిటికీ పక్కకు వచ్చేశాను. నిన్న మెస్సులో అందరితో కలిసి తిన్నాను. సాంబారు వేడిగా ఉంటుందన్న సంగతే మర్చిపోయాను.

ట్యూబు అయిపోవచ్చింది. ఒక్కరోజు మానినా భయంగా ఉంది. ఇంకో రెండు పంపు.

నీ సల్మా

తిరుపతి,
5-12-1982

భాయ్‌జాన్‌కు,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదు. క్షమించు. మొహం దాచుకున్న మనిషికి చేతిరాత బయటపెట్టాలన్నా ఏదోలా ఉంటుంది.

మొటిమలు తిరిగొచ్చాయి. మునుపటిలా అక్కడొకటి ఇక్కడొకటి కాదు. ఎర్రగా, సన్నగా, అన్నీ ఒకే తీరుగా, నోటి చుట్టూ గుంపుగా. ఎండలోకి వెళ్తే మొహం మండుతుంది. మందు మానితే ఇంకా మండుతుంది. అందుకని మళ్లీ పూస్తాను. నువ్వు పంపినవి అయిపోతే ఇక్కడి అంగట్లో కొన్నాను. ఎందుకని అడక్కుండానే ఇచ్చారు.

పంకజాక్షి ఇప్పుడు ఎగతాళి చేయడం లేదు. నాకు అదే భయంగా ఉంది. ఆదివారాలు అందరూ గోవిందరాజస్వామి గుడి వీధి దాకా నడిచి వస్తారు. నేను గదిలోనే ఉండి రేణిగుంట వైపు వెళ్లే రైళ్ల కూతలు లెక్కపెడుతుంటాను.

ఉపన్యాసం మొత్తం కంఠతా వచ్చింది. గోడకు చెబుతున్నాను. రేపు మేడం గారిని కలిసి, నా పేరు తీసేయమని అడుగుతాను.

రోజూ కౌంటరు దగ్గర ఎన్ని మొహాలు చూస్తావో. నా మొహానికి ఏమైందో నువ్వే చెప్పు.

సల్మా

చిత్తూరు,
10-12-1982

సల్మా బేటీకి,

నేను ఒక్క మొహం కూడా చూడను తల్లీ.

నాలుగేళ్లుగా నా పని పరదా వెనక. పెట్టెలు విప్పుతాను, సీసాలు అరల్లో సర్దుతాను. చేరిన రోజే యజమాని చెప్పాడు. "నూరూ, నువ్వు బంగారు మాదిరి పిల్లోడివి. అయితే ఇది చర్మానికి మందులమ్మే అంగడప్పా. ముందర నిన్ను సూస్తే వచ్చినోళ్లు ఎనక్కి తిరుక్కుంటారు" అన్నాడు. సరేనన్నాను. అమ్మీకి మాత్రం కౌంటరు పని అని చెప్పాను. ఒకసారి చెప్పాక ఇక రోజూ చెప్పాల్సి వచ్చింది. నీకు రాసిన కబుర్లన్నీ పరదా ఇవతల నిలబడి విన్నవే.

ఆ ట్యూబూ అంతే. యజమాని మాట విని పంపాను. డబ్బాలో మడిచిపెట్టే కాగితాన్ని నాలుగేళ్లలో ఒక్కసారీ విప్పలేదు. నీ ఉత్తరం చూశాక విప్పి, ట్యూబుతో సహా ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. "ఇది స్టెరాయిడ్ మందప్పా. ఒంటి మీద దద్దుర్లకు కొన్నాళ్లు పూసేది. మొటిమలకు కాదు. మొదట్లో ఎరుపు అణిగి బాగైనట్టే ఉంటాది, తర్వాత తిరగబడతాది. ఇంకెంతమందికి ఇచ్చినారు మీరు?" అంది.

ఆ మందు ఇక ముట్టుకోకు. మానిన కొత్తలో మంట, ఎరుపు పెరుగుతాయట. భయపడి మళ్లీ పూయకు. చన్నీళ్లతో మెల్లగా కడుక్కో, రుద్దకు, గిల్లకు. వెంటనే అక్కడి చర్మం డాక్టరుకు చూపించు. మొటిమల మందు వేరే ఉందట. మొహం కుదుటపడ్డాక దాన్ని పలచగా, రోజు విడిచి రోజు పూయాలట. గుణం కనిపించడానికి ఆరు వారాలైనా పడుతుందట. ఏడు దినాల్లో ఏదీ కాదంది.

నిన్న పరదా అవతల ఒక అమ్మాయి అదే ట్యూబు అడిగింది. నా కాళ్లు వాటంతటవే ముందుకు పోయాయి. "వద్దమ్మా, అది మొటిమలకు కాదు" అన్నాను. నా మొహం చూసి ఒకడుగు వెనక్కి వేసింది. ట్యూబు మాత్రం కొనలేదు. నా మాట విన్నదో, నన్ను చూసి జడుసుకుందో తెలియదు. యజమాని చేత్తోనే నాకు పరదా వెనక్కి దారి చూపించాడు.

పోటీకి వెళ్లమని గానీ, వద్దని గానీ చెప్పే మొహం నాకు లేదు. నాకు ధైర్యం ఉందని రాశావు. ఆ మాట నీ నోటుబుక్కులో ఉంటే కొట్టెయ్.

నూర్ అహ్మద్

తిరుపతి,
19-12-1982

ప్రియమైన నా భాయ్‌జాన్,

చెప్పకుండా వచ్చావు, చెప్పకుండా వెళ్లిపోయావు.

నా పేరు తీయించలేదు. మేడం గది గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చాను. మూడోసారి ఆవిడే ఎదురై, నన్ను తేరిపార చూసి, "డాక్టరుకు చూపించినావా? చూపించు. 18న మాత్రం రావాల" అని వెళ్లిపోయారు. డాక్టరుకు చూపించాను. నీ డాక్టరమ్మ చెప్పినట్టే చెప్పారు. మందు మాని ఐదు రోజులు. మంట ఇంకా ఉంది.

నిన్న వేదిక ఎక్కాను. మైకు ముందు నిలబడగానే హాలు సద్దుమణిగింది. అందరూ చూస్తున్నది నా మొహాన్నేనని నాకు తెలుసు. తల దించుకోబోతూ ముందు వరసలో నిన్ను చూశాను. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నావు. హాల్లో చోటు లేక జనం గోడల వెంబడి నిలబడ్డారు. నీకు అటూ ఇటూ ఉన్న కుర్చీలు మాత్రం ఖాళీ. ఒకాయన కూర్చోవడానికి వచ్చి, నిన్ను చూసి, మళ్లీ గోడ దగ్గరకే వెళ్లాడు. నువ్వు అటు చూడలేదు. నేను చూశాను.

కంఠతా వచ్చిన మొదటి వాక్యం మర్చిపోయాను. తర్వాత నోటికొచ్చింది చెప్పాను. పుస్తకం తెరిచేవాళ్ల మొహం పుస్తకం చూడదని, అందుకే నేను రోజూ గ్రంథాలయానికి వెళ్తానని, ఊరికొకటి కావాలని చెప్పాను. గంట కొట్టారు. వినిపించుకోలేదు. మళ్లీ కొట్టారు. సమయం మించినందుకు మార్కులు తగ్గించారు. బహుమతి రాలేదు.

కిందికి దిగేసరికి నువ్వు లేవు. చిత్తూరు బస్సు కోసమని పంకజాక్షితో చెప్పావట. బస్సులు చాలా ఉన్నాయి భాయ్. నిన్ను నా పక్కన చూసి ఈ పిల్లలు ఏమనుకుంటారోనని వెళ్లావు.

మూడు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. నీ కుర్చీలో కూర్చోలేదు, దాని పక్కదానిలో కూర్చున్నాను. చివరి పిల్ల మాట్లాడి దిగేదాకా అక్కడే ఉన్నాను.

నీ చెల్లెలు,
సల్మా