బాపు గొంగడి

హైదరాబాదు, 10-1-1964

అమ్మా, నేను మంచిగున్నాను, ఫికర్ పెట్టుకోకు.

"గొర్రెలను కోసే దవాఖానల నౌకరేందిరా?" అని మామతో అడిగించావు. కోసేది డాక్టర్లు, నేను మేపేవాణ్ణి. ఆపరేషన్ తర్వాత కార్జం, అదే డాక్టర్లు లివర్ అనేది, చెడిపోయి బాపు పోయాడు కదా, అట్లా ఎందుకవుతుందో గొర్రెల్లో చూస్తున్నారు. మొన్న ఒకదానికి కార్జం చాలామటుకు కోసి తీశారు. ఈ పొద్దు దాని కండ్లు బాపు కండ్లలాగే పచ్చబడ్డాయి. మేత ముట్టదు, వణుకుతోంది, నా చేయి మాత్రం నాకుతోంది.

చలికాలం ఈనిన గొర్రెకు బాపు తన గొంగడి కప్పి, తాను వణుకుతూ కూర్చునేవాడు. అదే యాదికొస్తోంది.

జొన్న కోత అయిందా? చెల్లెకు జ్వరం తగ్గిందా? అవ్వకు దండాలు చెప్పు.

మామ కొత్తకోటలో బస్సెక్కేటప్పుడు బాపు గొంగడి ఇచ్చి పంపు. నాకు రగ్గు ఉంది. గొర్రెకే కప్పేది లేదు.

నీ కొడుకు,
బీరయ్య