వెనక్కి తన్నని ఫిరంగి

నాగమల్లేశ్వర్రావు బాబాయికి,

ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరమేమిటనుకోకండి. ఫోన్‌లో మీకు వినపడదని కాదు, నాకే మొహం చెల్లక.

మొన్న మ్యూజియంలో వాలంటీర్‌గా, పారాచూట్ దళాల కోసం చేసిన తొలి తేలిక ఫిరంగిని సందర్శకులకి చూపిస్తూ, "ఇది వెనక్కి తన్నదు, వెనక నిలబడినా భయంలేదు" అన్నాను. "వెనక నిలబడకూడదమ్మా" అన్నారు మీరు. "మా బాబాయికి సరిగ్గా వినపడదులెండి" అన్నాను. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు.

ఇంటికొచ్చి చదివాను. పేలుడు మంట వెనక నుంచి పోతుంది కాబట్టే అది తన్నదట. ఆర్మీలో మీ ఎడమ చెవి పోయింది అలాంటి ఫిరంగి వెనకేనని పిన్ని నిన్న చెప్పింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు.

శనివారం రండి బాబాయ్. ఈసారి ఆ ఫిరంగి గురించి మీరే చెప్పండి. నేను మీ కుడిచెవి వైపు నిలబడతాను.

మీ అన్నయ్య కూతురు,
నేపర్‌విల్