ఇసుకల పోసిన నీళ్లు

తనాకా సాబ్,

మీకు తెలుగు రాదు. వచ్చినా, చదువుకునేటందుకు మీరు లేరు. అయినా కోపం పట్టలేక రాస్తున్న.

ఇయ్యాల ఆగస్టు ఆరు. మీరు ఫోర్‌మన్‌గ చేసిన సైట్లనే ఉన్న. ఈ అరబ్బు ఎడారిల నూనె బావుల పైసలతోటి సముద్రం నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు లేస్తనే ఉంది. మీరు ఏటా పోసినట్టే, పొద్దుగాల డ్యూటీకి ముందు ఇసుకల నీళ్లు పోసిన. హిరోషిమాల బాంబుకు ఒళ్లంత కాలిన మీ చెల్లె నీళ్లడిగితే, తాగితే సస్తదని పెద్దోళ్లు ఇయ్యనియ్యలేదని, ఆ దూపతోనే పానం ఇడిసిందని మీరే చెప్పిర్రు.

కొత్తగొచ్చిన హైదరాబాద్ ఇంజనీరు చూసిండు.

"ఏంది నర్సయ్యా, ఎడారిల నీళ్లు పారబోస్తున్నవ్?"

ఎందుకో చెప్పిన. నవ్విండు.

"ఆ బాంబు పడ్డందుకే యుద్ధం ఆగింది. లేకుంటే ఇంకెంతమంది పోయేటోళ్లో!"

నాకు ఒళ్లు మండింది.

"బడికి పోయే పొల్లను సంపితేనే ఆగే యుద్ధమా సార్ అది? అంత పెద్ద చదువులు చదివినోళ్లు ఏండ్లకేండ్లు కూసోని ఆ బాంబును చేసిర్రు. ఏసినంక ఏమైందో కండ్లార చూసిర్రు. మరి మూడు దినాలకే ఇంకో ఊరి మీద ఎందుకేసిర్రు?"

ఆయన గడియారం చూసుకున్నడు. "యల్లా, యల్లా, పని చూడు" అని అరబ్బోళ్ల లెక్క తొందరపెట్టిండు.



అప్పటికే ఇసుక ఆరిపోయింది. ఆయన చూస్తుండంగనే నా డబ్బల తాగే నీళ్లు గుడ పోసిన.

తొమ్మిదో తారీకు గుడ పోస్త. ఆ రెండో ఊరోళ్లకు గుడ దూపైతుంటది కద సాబ్.

మీ నర్సయ్య