దొరబాబు గుప్పిట్లో తాళంచెవి

కంచరపాలెం,
12 నవంబరు 2025.

పూర్ణా మార్కెట్ పప్పుల కొట్టు తిరుమలరావు అన్నయ్యకు, గూడ్సు ఆటో దొరబాబు భార్య సూర్యకళ నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయి కలం ఆపాను. మొన్న మీరు మా వీధి మలుపుదాకా వచ్చి, నన్ను చూసి వెనక్కి తిరిగిపోయారు. ఫోన్ చేస్తే ఎత్తరు. అందుకే ఈ ఉత్తరం.

కవరులో ఉన్నది మీ కొట్టు తాళంచెవి. ఆయన పోయాక ఆసుపత్రిలో పిడికిలి విప్పితే బయటపడింది. బియ్యం డబ్బాలో దాచాను, దేవుడి గూట్లో పెట్టాను. ఎక్కడ పెట్టినా అది నన్నే చూస్తున్నట్టుంటుంది. పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉందేమోనని భయం. మా అమ్మాయి ధనశ్రీ నిద్రలో కాస్త గట్టిగా ఊపిరి తీసినా పొయ్యి వదిలేసి పరిగెత్తుతున్నాను.

ఎవరో ఫోనులో తీసిన వీడియో నాకూ చేరింది. మీ కొట్టు ముందు మూటలు దింపుతూ ఆయన కూలబడ్డారు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. "ఫిట్సు బావా, బేగి ఇనుం ఎట్టండి" అని ఎవరో అరిచారు. మీరు మొలలోని తాళంచెవి లాగి ఆయన చేతిలో పెట్టి గట్టిగా మూసి పట్టుకున్నారు. గొంతులో గురక వినబడితే "ఊపిరాడతంది, ఏటీ అవదు" అన్నారు. ఎన్ని చేతులన్నయ్యా ఆ చేతి మీద! గుండె మీద ఒక్కటీ లేదు.

ఆదివారాలు మా కమ్యూనిటీ హాల్లో నర్సు హిమబిందు రబ్బరు బొమ్మను పడుకోబెట్టి నేర్పుతోంది. గుండె ఆగినప్పుడు కూడా మనిషి కాసేపు అలా కొట్టుకుంటాడట. ఆ గురక ఊపిరి కాదట. పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగ్గా తీయకుండా ఉంటే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ వేసి, అంబులెన్సు వచ్చేదాకా గట్టిగా, గబగబా నొక్కుతూనే ఉండాలట. ఇనుము ఫిట్సుకి కూడా పనిచేయదట. ఉక్కు నగరంలో ఉంటూ ఇనుముని నమ్మకపోతే ఎలాగని నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఎముకలు విరిగిపోవా అని అడిగితే, "ఎముక ఇరిగితే అతుకుతాది పిన్నీ, మనిసి పోతే రాడు" అంది.

మిమ్మల్ని తప్పుపట్టను. నేనక్కడుంటే నేనూ మా అత్త నేర్పినట్టు ఇనుమే వెతికేదాన్ని. వచ్చే ఆదివారం మీరు రావాలి, మూటలు మోసే మీ కళాసీలనూ తీసుకురావాలి. రాకపోతే మీ కొట్టు మెట్ల మీదే కూర్చుంటాను. నా నోటి సంగతి ఆయన మీకు చెప్పే ఉంటారు.

ఇట్లు,
మీ చెల్లెలు
సూర్యకళ

తా.క.: ఇదంతా మీ మనసు కుదుటపడాలని రాశాననుకోకండి. ఆయనది వంశంలో వచ్చే గుండె జబ్బట. ధనశ్రీకి పరీక్షలు చేయిస్తే దానికీ ఉందని తేలింది. మందులు వాడుతోంది. ఇంట్లో కూర్చోమంటే వినదు. ఆదివారం మర్నాటి నుంచి మీ ఎదుటి కిరాణా కొట్టులో బిల్లులు కొట్టడానికి వస్తోంది. అది ఎప్పుడైనా కూలబడితే తాళంచెవి వెతక్కండి. ఆడపిల్ల గుండెల మీద చెయ్యెలా వేయాలని జంకకండి. నలుగురిలో ఎవరైనా ఏమైనా అంటే ఈ ఉత్తరం చూపించండి. తల్లిని నేను రాసిస్తున్నాను. నొక్కండి అన్నయ్యా.