పసుపు పూసిన నల్లరాయి

కుప్పం, 12-3-98
తమ్ముడు రెడ్డెప్పకు, నేను బాగుండా. ఈ కార్డును పోస్టుమేన్ ఎట్టాగూ సదివేసుంటాడు, వాణ్ణి నోరు మూసుకోమను.

పోయిన నెల "అమ్మోరు వెలిసింది" అని మీ వదినను ఆట పట్టించి ఇచ్చిన నల్లరాయి రాళ్ళ మీద పెద్ద సదువు సదివే మమత మేడందిరా. ఆమె ఎంట నేను మోసే రాళ్ళ సంచిలోంచి దాన్ని తీసి, కనిపెడతాదేమో సూద్దామని దాని బదులు కంకరరాయి పెట్టినా. నిన్న కనిపెట్టేసింది. అది భూమి లోపల కరిగి పైకొచ్చిన రాయంట. దాంట్లో పిసరంత ఉండే లోహాలను కొలిస్తే భూమి మొదట్నించి ఎట్ట మారిందో తెలుస్తాదంట. ఇంకోటి తెద్దామంటే, పుంగనూరు కాడి ఆ గుట్టను క్వారీవోళ్ళు పేల్చేసినారు. నాలుగేండ్ల సదువు పోయిందని ఏడ్సింది.

"పసుపు పూసినా పర్లేదన్నా, పగలగొడితే లోపలిది చాలు" అనింది. ఎట్ట పగలగొట్టేది? మన పాప రేఖ కాన్పు కోసరం మీ వదిన దానికే మొక్కుకుని ఒక్కపొద్దులుండాది కదరా.

రేఖకు నొప్పులొచ్చినాయా? ఆవుకు గడ్డి ఉండాదా? మీ వదిన మేస్త్రీని పిలిచి రాయికి సిమెంటు పెట్టించబోతే ఏదో ఒకటి సెప్పి ఆపు. నిజం మాత్రం సెప్పొద్దు. బిడ్డ పుట్టినాక నేనే వచ్చి సెప్పుకుంటా. మేడంకు సదువు కాయితాలు ఇచ్చేదానికి నెలాఖరే గడువు. అది దాటినా సరే, కాన్పుకు ముందు ఆ రాయిని ముట్టనీనని ఆమెకు సెప్పేసినా. అప్పట్నించి నాతో మాట్లాడ్డంలేదు.

పిల్లోళ్ళకు నా దీవెనలు.
మీ అన్న, మునెప్ప