మా పొలంలో కుక్కగూడు

పొలాల రక్షణ పథకం ఆఫీసరుగారికి నమస్కారం.

నగరం అంచున, అపార్ట్‌మెంట్ల గోడను ఆనుకుని ఉన్న ఆకుకూరల పొలం మాదే. దాన్ని ఎప్పటికీ పొలంగానే ఉంచుతామని, అందులో ఏ కట్టడమూ కట్టబోమని మా అత్తగారు మీ ముందే సంతకం పెట్టారు. ఆవిడ మాటంటే మాటే. ఆరోజు ఇంటికి రాగానే చేసిన మొదటి పని, పొలంలో ఉన్న కుక్కగూడు పీకేయడం. "అదీ కట్టడమేగా!" అన్నారు. అప్పటినుంచి కుక్క మా గదిలో, మా మంచం మీదే పడుకుంటోంది. మా ఆయన గురక చాలదన్నట్టు ఇప్పుడు దాని గురక కూడా. చెక్కగూడు ఉంటే తప్పులేదని మీరు ఒక్క ముక్క రాసిస్తే తప్ప ఆవిడ వినరు. దయచేసి రాసివ్వండి.

ఇంతవరకు పొద్దున రాశాను. మధ్యాహ్నం ఒక బిల్డరు కారేసుకుని వచ్చాడు.

"మీరు ఊఁ అనండి పెద్దమ్మా, ఆఫీసువాళ్ల సంగతి నేను చూసుకుంటా. ఈ మూలన ఒక్క చిన్న గెస్ట్‌హౌసే కదా!" అన్నాడు.

అత్తగారు కొత్తిమీర కట్టలు కడుతున్నారు. తల కూడా ఎత్తలేదు.

"నా కుక్కకే ఇక్కడ ఇల్లు లేదు నాయనా, ఇక నీకెక్కడిది?"

పక్కనే కూర్చున్న కుక్కని ఒకసారి చూసి, అతను కారెక్కాడు.

అందుకని, అయ్యా, పైన నేను అడిగింది మరిచిపోండి. ఆ ముక్క రాయకండి. మంచం మీద మేమే కాస్త సర్దుకుంటాం.

ఇట్లు,
ఆవిడ కోడలు